పాత స్కాన్‌ను పక్కన పెట్టుకొని చూడండి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఏటా మే 30న ప్రపంచ మల్టిపుల్ స్క్లెరోసిస్ దినం జరుపుతారు. ఆ రోజుల్లో పత్రికల్లో ఈ జబ్బు గురించి నాలుగు మాటలు వస్తాయి. ఇది అంటువ్యాధి కాదని, మందులు ఉన్నాయని, ధైర్యం విడవవద్దని చెబుతారు. అవి చెప్పవలసిన మాటలే. అయితే ఈ జబ్బును గుర్తించడానికీ, గుర్తించిన తర్వాత ఏళ్ల తరబడి దాని నడకను కనిపెట్టి ఉండడానికీ ముఖ్య ఆధారమైన ఎంఆర్‌ఐ స్కాన్ మన జిల్లాల్లో ఎట్లా జరుగుతున్నదో, రిపోర్టులు ఎట్లా తయారవుతున్నాయో ఎవరైనా రాయగా నేను చూడలేదు. ఆ ఒక్క విషయం మీదనే ఈ లేఖ రాస్తున్నాను. నేను వైద్యుణ్ణి కాను. మర్రిగూడ మండలంలోని ఒక పల్లెలో పుట్టి, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 30 ఏళ్లకు పైగా భౌతికశాస్త్రం చెప్పి, ఇప్పుడు నల్లగొండలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. నా చిన్న బిడ్డకు ఈ జబ్బు ఉన్నది. ఇక్కడ రాసేదంతా ఆమె వెంట స్కాన్ గదుల బయట కూర్చొని, వైద్యులను అడిగి, చదివి తెలుసుకున్నదే.

ముందుగా జబ్బు గురించి రెండు మాటలు. మన వైపు బోరు మోటారు ఒక్కసారైనా కాలని రైతు ఇల్లు ఉండదు. కాలిన మోటారును విప్పితే చాలాసార్లు వైండింగులోని రాగి తీగ తెగి ఉండదు, దాని మీది సన్నని పూత మాడిపోయి ఉంటుంది. మెదడులో, వెన్నుపాములో, కంటి నరంలో ఉండే నాడీతంతువుల మీద కూడా మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే దారితప్పి ఆ పొర మీద దాడి చేయడం మల్టిపుల్ స్క్లెరోసిస్. పొర పోయిన చోట సంకేతం మందగిస్తుంది, లేదా ఆగిపోతుంది. దాడి మళ్లీ మళ్లీ జరిగితే లోపలి తంతువు కూడా దెబ్బతింటుంది, అది తిరిగి రాదు. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య మొదలవుతుంది. మగవారిలో కంటె ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ప్రపంచం మొత్తం మీద సుమారు 28 లక్షల మందికి ఈ జబ్బు ఉన్నట్టు 2020 నాటి అంతర్జాతీయ అంచనా. చల్లని దేశాలతో పోలిస్తే మన దేశంలో తక్కువ కాబట్టే, వచ్చినప్పుడు ఎవరికీ తొందరగా తట్టదు.

మా బిడ్డకు 26వ ఏట మొదట కుడి కన్ను మసకబారింది. కన్ను తిప్పితే లోపల నొప్పి. "నాయినా, ఈ కంటికి ఎరుపు వెలిసిపోయినట్టు కనిపిస్తున్నది" అన్నది. చుక్కల మందు వాడాము, కొన్ని వారాల్లో చూపు చాలావరకు తిరిగి వచ్చింది, మేము మరిచిపోయాము. ఆ తర్వాత ఏడాదిన్నరకు రెండు పాదాల్లో తిమ్మిరి మొదలై, వారం తిరగకముందే బొడ్డు దాకా ఎక్కింది. నడుము చుట్టూ పట్టీ బిగించినట్టు ఉన్నదనేది. తల ముందుకు వంచితే వెన్ను వెంట కరెంటు షాకు పారినట్టు ఉన్నదనేది. అప్పుడు చుట్టాలు, ఇరుగుపొరుగు అందరూ ఒకటే మాట: "మర్రిగూడ నీళ్లు తాగి పెరిగిన పిల్ల, ఫ్లోరైడే, ఇంకేమున్నది?" నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నాను. మునుగోడు, చండూరు, నాంపల్లి, మర్రిగూడ ప్రాంతాల్లో పుట్టిన వాడెవడైనా అదే అనుకుంటాడు. వంగిపోయిన కాళ్లు, బిగుసుకుపోయిన వెన్నులు చూస్తూ పెరిగిన వాళ్లము.

తిమ్మిరి కాళ్లలో ఉన్నది కాబట్టి మాకు రాసిన స్కాన్ నడుము స్కాన్. అందులో చివరి పూసల మధ్య డిస్కు కొద్దిగా ఉబ్బి ఉన్నట్టు వచ్చింది. అంత మాత్రం ఉబ్బు ఏ బాధా లేనివాళ్లలో కూడా తరచుగా కనిపిస్తుందని నాకు తర్వాత తెలిసింది. దానికే మందులు, బెల్టు, వ్యాయామాలు. అట్లా ఆరు నెలలు పోయాయి. ఎవరినో తప్పుపట్టడానికి ఈ మాట రాయడం లేదు, ఇదే పొరపాటు మరో ఇంట్లో జరగకూడదని రాస్తున్నాను. వెన్నుపాము నడుము చివరి దాకా రాదు. పెద్దవాళ్లలో అది మొదటి, రెండవ నడుము పూసల దగ్గరే ముగుస్తుంది, ఆ కింద ఉండేవి నరాల కుచ్చు మాత్రమే. బొడ్డు దగ్గరి చర్మపు స్పర్శను మోసేది ఛాతీ భాగపు పదో వెన్నునరం. కాబట్టి తిమ్మిరి బొడ్డు దాకా ఎక్కిందంటే దెబ్బ ఆ మట్టానగాని, అంతకంటె పైనగాని ఉండాలి. తల వంచితే షాకు కొడుతున్నదంటే మెడను చూడాలి. నడుము స్కాన్ ఎంత మంచి యంత్రంలో తీసినా, అక్కడ లేనిదాన్ని అది చూపించదు. చివరికి హైదరాబాదులో ఒక నరాల వైద్యురాలు పది నిమిషాలు పరీక్షించి, పాత కంటి సంగతి అడిగి, మెదడుకూ మొత్తం వెన్నుపాముకూ స్కాన్ రాశారు. మెదడులోని ద్రవపు గదుల అంచున మచ్చలు, మెదడు కాండంలో ఒకటి, మెడలో మూడవ, నాలుగవ పూసల దగ్గర వెన్నుపాములో ఒకటి బయటపడ్డాయి.

ఫ్లోరోసిస్ సంగతి ఇక్కడే కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాలో ఈ గందరగోళం మిగతా చోట్లకన్నా ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో ఫ్లోరైడ్‌కు పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. దానికి ఎన్నో రెట్లు ఉన్న నీళ్లను ఏళ్ల తరబడి తాగినవారిలో ఎముక దట్టమవుతుంది, పూసలను కట్టి ఉంచే స్నాయువులు కూడా గట్టిపడి ఎముకలాగా మారతాయి, వెన్నుపాము నడిచే మార్గం ఇరుకవుతుంది. అప్పుడు వెన్నుపాము నలిగి కాళ్లు బిగుసుకుపోవడం, నడక పడిపోవడం నిజంగానే జరుగుతుంది. అంటే ఫ్లోరోసిస్ బయటినుంచి వెన్నుపామును నొక్కుతుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో దారి ఇరుకు కాదు, ఎముక మామూలుగానే ఉంటుంది, వెన్నుపాము లోపలనే మచ్చ పడుతుంది. ఆ మచ్చ సాధారణంగా పొట్టిగా, రెండు పూసల పొడవుకు లోపల, వెన్నుపాము పక్కనో వెనుకనో ఒక అంచును పట్టుకొని ఉంటుంది. ఈ రెండింటి తేడా సరైన చోట తీసిన ఎంఆర్‌ఐ చిత్రంలో స్పష్టంగా కనిపిస్తుంది. గట్టిపడిన స్నాయువును చూడడానికి మాత్రం సీటీ స్కాన్ ఇంకా మేలు. ఒకదానికి నొక్కుడు తీసే శస్త్రచికిత్స గురించి ఆలోచించాలి, రెండోదానికి రోగనిరోధక వ్యవస్థను అదుపులో పెట్టే మందు కావాలి. "నీళ్ల వల్ల వచ్చిందే" అని ఇంట్లో కూర్చుంటే రెండు రకాల వాళ్లూ నష్టపోతారు. వయసులో ఉన్న మనిషికి రోజుల్లో, వారాల్లో తిమ్మిరి ఎక్కి, తర్వాత కొంత తగ్గితే, అది ఎన్నో ఏళ్లుగా నెమ్మదిగా బిగుసుకునే ఫ్లోరోసిస్ నడక కాదు. ఈ ఒక్క తేడా మన ఆశా కార్యకర్తలకూ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకూ ప్రత్యేకంగా గుర్తు చేయవలసి ఉన్నది.

ఇక ఎంఆర్‌ఐ ఈ మచ్చలను ఎట్లా చూస్తుందనేది. ఇది నా పాఠం కాబట్టి కొంచెం చనువు తీసుకుంటున్నాను. మన శరీరంలో నీరు ఉన్న ప్రతిచోటా హైడ్రోజన్ కేంద్రకాలు ఉంటాయి. ఒక్కొక్కటి చిన్న అయస్కాంతం వంటిది. 1.5 టెస్లా యంత్రంలో, అంటే భూమి అయస్కాంత క్షేత్రానికి దాదాపు 30,000 రెట్ల బలమున్న క్షేత్రంలో, వాటిలో కొద్దిపాటి ఎక్కువ భాగం ఒక దిక్కుకు వరుసదీరుతుంది. రేడియో తరంగాన్ని పంపి వాటిని కదిలించి, అవి తిరిగి సర్దుకునేటప్పుడు ఇచ్చే సంకేతాన్ని పట్టుకొని చిత్రం గీస్తారు. ఎక్స్‌రేలోనూ సీటీలోనూ ఉండే రేడియేషన్ ఇందులో లేదు, అందుకే ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ తీయించుకునే వీలున్నది. ఆరోగ్యంగా ఉన్న మైలిన్ కొవ్వు పొర కాబట్టి అక్కడ నీరు తక్కువ. పొర దెబ్బతిని వాపు వచ్చిన చోట నీరు పెరుగుతుంది, టీ2 అనే పద్ధతిలో తీసిన చిత్రంలో ఆ చోటు తెల్లగా మెరుస్తుంది. మెదడు గదుల్లోని ద్రవం కూడా అదే చిత్రంలో తెల్లగానే ఉంటుంది కాబట్టి గదుల అంచున ఉన్న మచ్చ ఆ తెలుపులో కలిసిపోయే ప్రమాదం ఉన్నది. అందుకని ద్రవపు తెలుపును నల్లగా చేసి మచ్చను మాత్రమే మిగిల్చే ఫ్లెయిర్ అనే పద్ధతి వాడతారు. నా బిడ్డ చిత్రాల్లో గదుల అంచుకు నిలువుగా, వేళ్లు పెట్టినట్టు నిలబడిన మచ్చలను చూపించి, వీటిని డాసన్ వేళ్లు అంటారని వైద్యురాలు చెప్పారు. ఎడిన్‌బరోకు చెందిన జేమ్స్ డాసన్ 1916లో సూక్ష్మదర్శిని కింద చూసి వర్ణించిన ఆకారం అది. మచ్చలు చిన్న సిరల వెంట పెరగడం వల్ల ఆ రూపం వస్తుంది.

అంతకు ముందే, 1868లో, పారిస్‌లో జాఁ మార్తాఁ షార్కో ఈ జబ్బును ఒక ప్రత్యేక వ్యాధిగా స్పష్టం చేశాడు. కానీ ఆయనకు మచ్చలు కనిపించింది మనిషి పోయిన తర్వాత, శవపరీక్షలో. బతికి ఉన్న మనిషిలో ఆ మచ్చలను ఎంఆర్‌ఐతో మొదటిసారి చూపించింది 1981లో, లండన్‌లో. 113 ఏళ్ల ఆ ఎడం గురించి ఆలోచిస్తే, ఈ యంత్రం చేతిలో ఉండి కూడా మనం సగం చూపుతో వాడుకోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

రోగ నిర్ధారణ నియమాలను ఇయాన్ మెక్‌డొనాల్డ్ అనే వైద్యుని ఆధ్వర్యంలో ఒక అంతర్జాతీయ బృందం 2001లో కూర్చింది. తర్వాత 2005, 2010, 2017లో వాటిని సవరించారు, 2024 నాటి సవరణ 2025లో ప్రచురితమైంది. ఆ నియమాల సారాన్ని మన భాషలో దేశకాలాలు అనవచ్చు. జబ్బు నాడీవ్యవస్థలో ఒకటి కంటె ఎక్కువ చోట్ల తగిలి ఉండాలి, ఒకటి కంటె ఎక్కువ సమయాల్లో తగిలి ఉండాలి; తాజా సవరణలో మాత్రం ఈ రెండో షరతు ప్రతిసారీ తప్పనిసరి కాదు. 2017 నియమాల ప్రకారం నాలుగు చోట్లు చూస్తారు: మెదడు గదుల అంచు, మెదడు పై పొర లేదా దాన్ని ఆనుకొని ఉన్న భాగం, మెదడు కాండం లేక చిన్న మెదడు, వెన్నుపాము. వీటిలో కనీసం రెండింటిలో మచ్చ కనిపిస్తే దేశం, అంటే చోటుకు సంబంధించిన షరతు, తీరినట్టు. తాజా సవరణలో కంటి నరాన్ని ఐదో చోటుగా చేర్చారు. మచ్చ నడుమ సన్నని సిర కనిపించడమనే గుర్తును కూడా లెక్కలోకి తీసుకున్నారు. కాలం సంగతి తేల్చడానికి ఇదివరకు మరో దాడి వచ్చేదాకా ఎదురుచూసేవారు. ఇప్పుడు గాడోలినియం అనే కాంట్రాస్టు ఇంజెక్షన్ ఇచ్చి స్కాన్ తీస్తే, కొన్ని వారాల లోపు పుట్టిన కొత్త మచ్చలోకి మాత్రమే ఆ మందు రక్తనాళాల గోడ దాటి ఇంకి, మచ్చ వెలుగుతుంది. పాత మచ్చ వెలగదు. వెలిగేదీ వెలగనిదీ ఒకే స్కాన్‌లో ఉంటే, రెండు కాలాలు ఒకే చిత్రంలో దొరికినట్టే. మా బిడ్డకు మెడలోని మచ్చ వెలిగింది, మెదడులోనివి వెలగలేదు. అదే రోజు జబ్బు పేరు తేలింది. అట్లా తేలనప్పుడు వెన్ను నుంచి నీరు తీసి పరీక్షిస్తారు, లేదా కొన్ని నెలలకు మళ్లీ స్కాన్ తీసి కొత్త మచ్చ వచ్చిందా అని చూస్తారు.

కంటి దశలోనే స్కాన్ తీసి ఉంటే? ఈ ప్రశ్న నన్ను ఇప్పటికీ నిద్ర పోనివ్వదు. అమెరికాలో కంటి నరం వాపు వచ్చినవారిని 15 ఏళ్ల పాటు గమనించిన అధ్యయనంలో, మొదటే మెదడు స్కాన్‌లో ఒక్క మచ్చయినా ఉన్నవారిలో 72 శాతం మందికి ఆ తర్వాత మల్టిపుల్ స్క్లెరోసిస్ నిర్ధారణ అయింది. మచ్చలేమీ లేనివారిలో అది 25 శాతమే. వయసులో ఉన్నవారికి ఒక కన్ను నొప్పితో మసకబారి, రంగులు వెలిసినట్టు కనిపిస్తే చుక్కల మందుతో సరిపెట్టక మెదడు స్కాన్ గురించి అడగమని మీ పాఠకులను వేడుకుంటున్నాను.

అదే సమయంలో మెదడు చిత్రంలో కనిపించిన తెల్లమచ్చ ప్రతిదీ ఈ జబ్బు కాదు. రక్తపోటు, షుగరు ఉన్న పెద్దవారిలో, పార్శ్వపు తలనొప్పి ఉన్నవారిలో తెల్లచుక్కలు మామూలే. బీ12 లోపం వెన్నుపామును దెబ్బతీస్తుంది. మన దేశంలో మెదడు క్షయ, మెదడులో పురుగు తిత్తులు కూడా మరువరానివి. అన్నిటికంటె ముఖ్యంగా న్యూరోమైలైటిస్ ఆప్టికా అనే మరో జబ్బు ఉన్నది. అది కూడా కంటినీ వెన్నుపామునూ పట్టుకుంటుంది, కానీ వెన్నుపాములో దాని మచ్చ సాధారణంగా మూడు పూసలో, అంతకు మించో పొడవుగా సాగుతుంది. రక్తంలో ఆక్వాపోరిన్-4కు వ్యతిరేకంగా పనిచేసే ప్రతిరక్షకం దాని ఆనవాలు, 2004లో దాన్ని కనుగొన్నారు. ఈ రెండింటినీ వేరుచేయడం కేవలం పేరు కోసం కాదు, మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు వాడే ఇంటర్‌ఫెరాన్ వంటి కొన్ని మందులు ఆ జబ్బును ఇంకా ముదరబెడతాయి. అందువల్ల స్కాన్ కాగితం మీద ఒక్క మాట చూసి భయపడిపోవద్దు, మందు మొదలుపెట్టవద్దు. మనిషిని పరీక్షించిన నరాల వైద్యుడే ఆ చిత్రాలను స్వయంగా చూడాలి.

ఇంతవరకు రాసింది నిర్ధారణ సంగతి. నేను ఈ లేఖకు కూర్చున్నది అసలు దీని తర్వాతి సంగతి కోసం.

ఈ జబ్బులో పైకి కనిపించే దాడులు తక్కువ, లోపల పుట్టే మచ్చలు ఎక్కువ. పైకి ఒక దాడి జరిగే కాలంలో స్కాన్‌లో ఐదు నుంచి పది కొత్త మచ్చలు దాకా పుట్టవచ్చునని వైద్య గ్రంథాలు చెబుతాయి. మనిషి నడుస్తుంది, నవ్వుతుంది, బడికి వెళ్లి పాఠం చెప్పి వస్తుంది, లోపల మాత్రం జబ్బు పని చేసుకుంటూ పోతుంది. మందు పనిచేస్తున్నదా లేదా అన్నది తెలుసుకోవడానికి కొత్త మచ్చను లెక్కపెట్టడం కంటె మెరుగైన దారి ఇప్పటికి లేదు. 1993లో అమెరికాలో ఈ జబ్బుకు ఇంటర్‌ఫెరాన్ మందును మొదటిసారి అనుమతించినప్పుడు కూడా, అది స్కాన్‌లో మచ్చలను తగ్గించిందనేది బలమైన సాక్ష్యంగా నిలిచింది. అయితే కొత్త మచ్చ అన్నమాటకు అర్థం పాతదాని పక్కన పెట్టినప్పుడే ఉన్నది. పోయిన ఏటి పహాణీ చూడకుండా ఈ ఏటి భూమి మార్పు చెప్పమంటే ఏ పట్వారీ అయినా ఏం చెబుతాడు?

మా అనుభవం చెబుతాను. మందు మొదలుపెట్టిన ఏడాదికి, హైదరాబాదు దాకా పోయి రావడం కష్టమై, దగ్గరలోని ఒక కేంద్రంలో స్కాన్ తీయించాము. పాత సీడీ తీసుకువెళ్లాను. అవసరం లేదన్నారు. రిపోర్టులో "ఇదివరకే తెలిసిన జబ్బుకు తగినట్టుగా అనేక మచ్చలు ఉన్నవి" అని ఒక వాక్యం వచ్చింది. ఎన్ని? ఎక్కడ? పోయినసారి లేనివి ఏమైనా ఉన్నాయా? ఒక్కదానికీ జవాబు లేదు. పైగా మొదటి స్కాన్‌లో కోతలు, అంటే మెదడును పొరలు పొరలుగా తీసే చిత్రాలు, 3 మిల్లీమీటర్ల మందం, ఇందులో 5 మిల్లీమీటర్లు, మధ్యలో ఖాళీ. ఈ జబ్బులో మచ్చగా లెక్కించేందుకు కనీస పొడవు 3 మిల్లీమీటర్లు. అంటే లెక్కకు వచ్చే మచ్చే కోతల నడుమ జారిపోవచ్చు. తలను పెట్టిన కోణం కూడా వేరు, ఒకదాని మీద ఒకటి పెట్టి చూడడానికి వీలు లేదు. వైద్యురాలు రెండు సీడీలూ చూసి, క్షమించండి, ఇది పోల్చడానికి పనికిరాదు, మళ్లీ తీయించాలన్నారు. వేల రూపాయలు రెండోసారి కట్టాము. మళ్లీ తీసిన స్కాన్‌ను మొదటిదాని పక్కన పెట్టి చూస్తే రెండు కొత్త మచ్చలు! ఆ ఏడంతా నా బిడ్డకు ఏ బాధా లేదు. ఆ రెండు మచ్చల వల్లనే మందు మార్చారు. ఒకవేళ మేము మొదటి రిపోర్టుతోనే తృప్తిపడి ఇంటికి వచ్చి ఉంటే, పనిచేయని మందును ఇంకో ఏడాది మింగేది.

ఐరోపా, ఉత్తర అమెరికా నిపుణుల బృందాలు కలిసి 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉన్నాయి. వీలైతే ప్రతిసారీ అదే యంత్రం మీద, అదే పద్ధతిలో తీయాలి. ఫ్లెయిర్ చిత్రం మొత్తం మెదడును సన్నని త్రిమితీయ కోతల్లో తీసినదైతే మేలు, లేకుంటే కోతలు 3 మిల్లీమీటర్లకు మించకూడదు, మధ్యలో ఖాళీ ఉండకూడదు. మందు మొదలుపెట్టిన 3 నుంచి 6 నెలల్లోపు ఒక స్కాన్ తీసి దాన్ని కొత్త పునాదిగా పెట్టుకోవాలి. మందు పట్టు దొరకక ముందు పుట్టిన మచ్చలను మందు ఖాతాలో వేయకుండా ఉండడానికే ఇది. ఆ తర్వాత సాధారణంగా ఏడాదికి ఒకసారి. నాటాలిజుమాబ్ అనే మందు వాడుతూ, జేసీ వైరస్ వల్ల మెదడుకు ఇన్ఫెక్షన్ సోకే ముప్పు ఎక్కువగా ఉన్నవారికి మాత్రం 3, 4 నెలలకొకసారి.

ఇదే మార్గదర్శకాల్లో సామాన్యునికి నేరుగా మేలు చేసే మాట ఇంకొకటి ఉన్నది. మంచి పాత స్కాన్ పోల్చడానికి దొరికితే, మామూలు తనిఖీ స్కాన్‌కు ప్రతిసారీ కాంట్రాస్టు ఇంజెక్షన్ అక్కర్లేదు. గాడోలినియం కొద్ది మొత్తంలో మెదడులో మిగిలిపోతుందని 2014 నుంచి తెలుస్తూ వచ్చింది. దానివల్ల హాని జరిగినట్టు తేలలేదు, కానీ 30, 40 ఏళ్లు స్కాన్లు తీయించుకోవలసిన మనిషికి అవసరం లేని ఇంజెక్షన్ ఎందుకు? కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి కొన్ని రకాల గాడోలినియం ప్రమాదకరం, గర్భిణులకు సాధారణంగా ఇవ్వరు. అంటే పాత సీడీని చూడడం వల్ల రిపోర్టు మెరుగవుతుంది, ఖర్చు తగ్గుతుంది, ఒంటికీ మేలు. ఇన్ని లాభాలున్న పని మన దగ్గర ఎందుకు అలవాటు కాలేదో నాకు అర్థం కాదు. పోల్చి చూడడానికి రేడియాలజిస్టుకు అదనంగా సమయం పడుతుంది, ఆ సమయానికి రుసుము లేదు, అంతే కారణమని నా అనుమానం. అట్లా అయితే ఆ సమయానికి ధర కట్టమనండి, నావంటివాళ్లం ఇస్తాము, పేదవారి తరఫున ప్రభుత్వం ఇవ్వాలి.

ఎండాకాలం గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. నల్లగొండ ఎండ సంగతి అందరికీ తెలుసు, మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. పొర పోయిన నాడీతంతువు ఒళ్లు వేడెక్కితే సంకేతాన్ని ఇంకా సరిగా మోయలేదు. 1890లోనే ఊట్‌హాఫ్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని వర్ణించాడు. ఎండలో బస్టాండు దాకా నడిచి వచ్చిన మా బిడ్డకు కన్ను మళ్లీ మసకబారి, కాళ్లు తేలిపోయినప్పుడు ఇంటిల్లిపాదీ కంగారుపడ్డాము. చల్లని గదిలో గంట కూర్చోబెడితే సర్దుకుంది. జ్వరం వచ్చినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఇట్లాగే అవుతుంది. ఇది కొత్త దాడి కాదు, దీనికి స్టెరాయిడ్ సెలైన్లు ఎక్కించనక్కర్లేదు. అనుమానం తీరనప్పుడు పాతదానితో పోల్చిన స్కాన్ తేల్చి చెబుతుంది. అందుకు కూడా పాతది భద్రంగా ఉండాలి.

స్కాన్‌లోని మచ్చల సంఖ్యకూ మనిషి కష్టానికీ ఎప్పుడూ లెక్క కుదరదని కూడా నేను గ్రహించాను. వెన్నుపాములో ఒక్క చిన్న మచ్చ నడకను కుంటుపరచగలదు, మెదడులో పది ఉన్నా మనిషి మామూలుగా తిరగవచ్చు. మెదడు మొత్తం పరిమాణం నెమ్మదిగా తగ్గడం కూడా ఈ జబ్బులో భాగమే, దాన్ని కొలిచే పద్ధతులు ఉన్నా అవి రోజువారీ వైద్యంలోకి ఇంకా పూర్తిగా రాలేదు. కాబట్టి చిత్రం ఒక్కటే సర్వస్వమని నేను అనడం లేదు. నడక, చూపు, చేతి పట్టు, అలసట వైద్యులు ప్రతిసారీ పరీక్షించి రాసుకోవాలి. కానీ చిత్రం తీసినప్పుడు అది పోల్చడానికి పనికొచ్చేటట్టు తీయమని అడగడం అత్యాశ కాదు.

అందువల్ల మీ పత్రిక ద్వారా కొన్ని విన్నపాలు. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తిలలో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. పక్కనే బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉన్నది. వీటి రేడియాలజీ, నరాల వైద్య విభాగాలు కలిసి కూర్చొని, మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగి స్కాన్‌కు ఒకే పద్ధతి నిర్ణయించి ఈ జిల్లాల్లోని ప్రభుత్వ, ప్రైవేటు కేంద్రాలన్నిటికీ పంపాలి. అది ఒక పుటకు మించని కాగితం, కొత్త యంత్రం కొననక్కర్లేదు. రిపోర్టులో మచ్చలు ఏయే చోట్ల ఉన్నవి, గతంతో పోలిస్తే కొత్తవి ఎన్ని, పెరిగినవి ఎన్ని, ఏ తేదీ స్కాన్‌తో పోల్చారు అన్న నాలుగు మాటలు తప్పనిసరి చేయాలి. ఫిల్ముతో పాటు మొత్తం చిత్రాల సీడీ అడగకుండానే రోగి చేతికి ఇవ్వాలి. ఫిల్ము మీద అచ్చైనవి కొన్ని చిత్రాలే, వాటితో పోలిక కుదరదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో తీసిన స్కాన్లను ఒక చోట కంప్యూటరులో దాచి, అచ్చంపేట నుంచి వచ్చిన రోగి చిత్రాన్ని హైదరాబాదులోని నరాల వైద్యులు కూర్చున్న చోటనే తెరిచి చూసే ఏర్పాటు చేయాలి. దేవరకొండ అవతలి తండాల నుంచి వచ్చేవారికి ఒక హైదరాబాదు ప్రయాణం తప్పితే రెండు రోజుల కూలి మిగులుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను పేరుపెట్టి గుర్తించింది. చట్టం గుర్తించిన జబ్బుకు ఏడాదికొక తనిఖీ స్కాన్‌ను పేదలకు ఉచితంగా అందించడం ప్రభుత్వానికి భారం కాదు, ఎందుకంటే ఈ రోగుల సంఖ్య తక్కువ.

రోగుల ఇళ్లవారికి కూడా చెప్పవలసింది ఉన్నది. సీడీలను బీరువాలో ఎండ తగలని చోట, ఒక్కొక్కదాని మీద తేదీ, కేంద్రం పేరు రాసి పెట్టండి. సీడీ పాడవుతుంది కాబట్టి పెన్‌డ్రైవులో నకలు తీయించండి. స్కాన్‌కు వెళ్లేటప్పుడు పాతది చేతపట్టుకొని వెళ్లి, దీనితో పోల్చి రాయమని మర్యాదగా, కానీ గట్టిగా అడగండి. మంగళసూత్రం, మెట్టెలు, గాజులు ఇంట్లోనే తీసి వెళితే అక్కడ కంగారు ఉండదు. గుండెలో పేస్‌మేకర్ ఉన్నా, వెల్డింగు పనిలో కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడినా ముందే చెప్పాలి, ఆ అయస్కాంతం నిమిషం కూడా ఆపి ఉండదు. లోపల చప్పుడు ఎక్కువ, అరగంట నుంచి ముప్పావు గంట కదలకుండా పడుకోవాలి. మా బిడ్డ ఆ చప్పుడులో ఎక్కాలు లెక్కపెట్టుకుంటానని చెబుతుంది.

ఆమె తర్వాతి స్కాన్ వచ్చే కార్తీకంలో ఉన్నది. అదే యంత్రం, అదే పద్ధతి కోసం మళ్లీ హైదరాబాదు బస్సే ఎక్కుతాము. ఆ పై ఏడాది స్కాన్‌ను నల్లగొండలోనే తీయించి, అదే రోజు పోలికతో కూడిన రిపోర్టు చేతపట్టుకొని ఇంటికి రాగలమా అన్న ప్రశ్నను ఈ జిల్లాల వైద్యాధికారుల ముందు పెట్టమని మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
నల్లగొండ